చప్పిడి

నెల్లూరు ఆసుపత్రిలో
లివరు సగం కోసి తీసేసిన నలభై రోజులకి
ఇస్కపల్లికి తిరిగొచ్చా.
పోయినప్పుడు యాభై ఎనిమిది కిలోలు,
వచ్చినప్పుడు అరవై ఆరు.
"ఒళ్ళు చేశావే మస్తానయ్యా" అన్నారు బస్సు దిగంగానే.
ఒళ్ళు కాదబ్బా, నీళ్ళు.

ఇరవై ఏడేళ్ళు నీళ్ళను ఎండగట్టిన చేతులివి.
ఉప్పుటేరు నీళ్ళు కయ్యలోకి పెట్టి
గట్టు మెత్తి, ఎండకొదిలేసి
తెల్లంగా పండిందాకా కాపలా కాసినవి.
చినుకు పడితే మబ్బు మీదికి లేచినవి.
ఇప్పుడు నా కాళ్ళల్లోనే కయ్య.
ఏ మూల గండి కొట్టాలో నాకు తెలవదు,
డాక్టరమ్మ రాసిన నీళ్ళ బిళ్ళకి తెలుసంట.

"ఉప్పు మానెయ్యాల" అంది ఆమె,
ఏం పని చేస్తావని అడక్కముందే.
అడిగాక, కాయితం మీంచి తలెత్తి
నవ్వబోయి ఆపుకుంది.

రెండో సంగతి ఎవురికీ చెప్పలా.
చొక్కా గుడ్డ తగిలితే నొప్పి.
ఎడం చనుమొన కింద రేగ్గాయంత గట్టి,
వారానికి కుడి పక్క ఇంకోటి.
నలభై తొమ్మిదేళ్ళ మొగోణ్ణి,
తువ్వాలు భుజాన కాదు, ఎద మీద కప్పుకోని
కొటారు కాడికి పోవడమే మానుకున్నా.

లైటు ఆర్పబోతా చెంగమ్మ చూసింది.
నవ్వుతాదనుకున్నా.
"సలుపుతా ఉండాదా" అంది.
"పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇట్టానే,
రైక తొడుక్కుంటే ప్రాణం పోయేది.
ఊరికే నటిస్తా ఉండావన్నావు నువ్వు."
అన్నానా?
అన్నానంట.

మొగోడి ఒంట్లో కూడా
ఆడ హార్మోను కాస్త ఊరతానే ఉంటాదంట,
దాన్ని రోజూ తోడి పారబోసేది లివరంట.
సగం లివరు, సగం పని.
పైగా నా నీళ్ళు తీసే బిళ్ళే
ఇక్కడా ఒక చెయ్యి వేసిందంట.
"మాత్ర మారుస్తా, తగ్గతాది."
ఎప్పటికో చెప్పలా.

ఉప్పూ కారం తినే ఒళ్ళు గదా అని
ఒకప్పుడు అన్నిటికీ అదే సాకు,
కోపానికి, రాత్రికి.
ఇప్పుడు కోపం రాదు.
రాత్రి వస్తాది, ఊరికే పోతాది.

పులుసులో మామిడికాయ ఎంతేసినా నాలిక నమ్మదు.
నాతో పాటు తనూ ఉప్పు మానేశానంది చెంగమ్మ.
నిన్న మధ్యాన్నం నేను కళ్ళు మూసుకోని ఉంటే
వంటింటి వెనకమాల
ఎండు నెత్తళ్ళు నమిలే చప్పుడు.
కరకర.
ఎంత హాయిగా ఉండిందో.
పక్కకి తిరిగితే మంచం కిర్రుమంటాదని
అట్టానే బిగదీసుకోని పడుకున్నా.

రోజూ సందేళ
మోకాలి కింద ఎముక మీద బొటనేలు నొక్కుతాది.
గుంట పడతాది, తడి కయ్యలో మడమ దిగినట్టు.
అది పూడిందాకా లెక్క పెడతాం.
మొన్న నలభై మూడు.
ఇవాళ లెక్క మొదలుపెట్టి చూస్తే
గుంట అడుగున
ఆమె వేలికంటిన ఉప్పు రవ్వ.
ఇద్దరం చూశాం. ఇద్దరం ఏం అనలా.
ఇరవై తొమ్మిది, ముప్పై...
తోలు మెల్లంగా పైకి లేస్తా ఉండాది,
రవ్వను మోసుకోని.