ఒక బెంచి టికెట్టు

ఆదోనిలో మూతపడిన టాకీసు రిజిస్టర్లు పదకొండు.
చెదలు తిన్నంత తినగా మిగిలింది
ఎక్సెల్‌లోకి ఎక్కించాను.

ఒకే సినిమా పేరు నాలుగు రకాలు.
దీర్ఘం తీసినవాడొకడు, తీయనివాడొకడు,
ఒత్తు మింగేసినవాడొకడు.
అందరినీ ఒక పేరు కింద కూర్చోబెట్టేసరికి
పొద్దు జిన్నింగ్ మిల్లు వెనక్కి దిగింది.
కిటికీలోంచి పత్తి నూగు కీబోర్డు మీద వాలుతోంది.
ఊదడం, టైపు చేయడం. మళ్ళీ ఊదడం.

నిడివి గడిలో 'తెలీదు' అని ఉంటే ఖాళీ చేశాను.
తేదీ గడిలో 'పీర్ల పండగ' అని ఉంటే
పాత క్యాలెండర్లు వెతికాను.
రెండుసార్లు పడిన వరసలు ఒక్క కమాండుకు
చేటలో తాలు లాగా ఎగిరిపోయాయి.

ఆపైన గ్రాఫు గీస్తే
ఎండాకాలం గురువారాలు, రెండో ఆట:
నేల సున్నా. కుర్చీ సున్నా. బెంచి ఒకటి.
ముప్పైయేడు రాత్రులు, ఒకటే ఒకటి.
గుమాస్తా తప్పనుకొని
తీసేసే లైను రాసి, ఎంటర్ నొక్కకుండా
ఉగ్గాని తినడానికి బయటికి పోయాను.

బజ్జీలు తీస్తున్న మౌలాలి ఒకప్పుడు అక్కడి ఆపరేటరే.
అడిగితే నూనెలోంచి కళ్ళెత్తలేదు.
"ఒక్క టికెట్టన్నా తెగకుంటే ఆట ఎయ్యరు కదప్పా.
ఆట ఎయ్యకుంటే నాకు బత్తా ల్యా.
నేనే కొంటాంటి."
ముప్పావలా పెడితే రెండు రూపాయలు. లెక్క సరే.

"మరి బెంచి ఎందుకు? నేల చవక గదా?"

చిల్లుల గంటె ఆగింది.
"ఆయమ్మి నేల మీద కూచునేది కాదు."

ఎవరని అడగలేదు.
వచ్చి ఆ లైను చెరిపేశాను.
సగటు కిందికి జారింది,
జారనీ.