గార్డు పెట్టె నుంచి మొదలు

నాయన ఛాతీలో పిల్లికూతలు.
నా ప్రయోగశాలలో ఎలుకలు.
ఈ మాట చెబితే
నవ్వబోయి దగ్గి, దగ్గబోయి నవ్వి
మంచం కోడు పట్టుకుని చాలాసేపు అట్లే కూచున్నాడు.

ముప్పై రెండేళ్లు గుంతకల్లు యార్డులో
పెట్టెకు పెట్టె తగిలించిన మనిషి.
రెండు పెట్టెల నడుమ వంగి దూరి
ఇనుప కొక్కెం ఎత్తి, మర బిగించి,
బయటికొచ్చి జెండా ఊపి...
బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము, డీజిల్ పొగ,
ఇవి చాలవన్నట్టు సొంతానికి రోజుకో కట్ట బీడీలు.
"రైల్వేవోళ్లు పెట్టిందెంత, నేను పెట్టుకుందెంత,
లెక్క తేల్చేటోడు యాడుండాడు మే"
అంటాడు కుళ్లాయప్ప, మా నాయన.

నాదీ అదే పని. ఆయన నమ్మడు.
అనంతపురంలో, ఏసీ సగం రోజులే పనిచేసే గదిలో,
గాజు గొట్టం అడుగున
ఆవగింజలో పదో వంతుండే రెసిన్ పూసలు.
వాటికి అన్నిటికంటే చివరి ఆమైనో ఆమ్లాన్ని
అన్నిటికంటే ముందు తగిలిస్తాను.
"చివరిది ముందా?"
"ఔ నాయనా, గార్డు పెట్టె నుంచి ఇంజను దిక్కుకు."
"తిక్క పని" అన్నాడు.
టీ సగం తాగినాక
"వెనక్కి తోసేటప్పుడు మేమూ అట్లే కదా" అన్నాడు.

ప్రతి పెట్టెకూ ఒక కొసన మూత.
మూత తీసి, కడిగి, తర్వాతిది తగిలించి, మళ్లీ కడిగి.
ఎర్రజెండా దిగందే కదలరాదు.
ఇరవై మూడు పెట్టెలు, పన్నెండు రోజులు.

మొదటి గొలుసు దారిలోనే పోయింది.
వాచిన శ్వాసనాళం నిండా కత్తెరలే,
ఎంజైములని మేం మర్యాదగా పిలిచేవి.
బొరుగులు నమిలినట్టు నమిలేశాయి.
రెండోసారి తొమ్మిదో పెట్టెను అద్దంలో బొమ్మలా,
ఎడమను కుడి చేసి తగిలించాను.
ఎడమకాలి చెప్పు కుడికాలికి ఎక్కనట్టు
కత్తెరకు అది పట్టు చిక్కలేదు.

మూడోసారి
పద్నాలుగోది తగలకుండానే పదిహేనోది తగులుకుంది.
పైకి చూస్తే అదే రైలు.
యంత్రం గీసిన గీతలో మాత్రం
పెద్ద శిఖరం పక్కన చిన్న గూని.
ఫోనులో నాయనకు చూపించాను.
కళ్లద్దాలు ఎత్తి, దించి,
"తగలకపోతే సప్పుడులోనే తెలుస్తాది మాకు.
నీ దాంట్లో సప్పుడు రాదా?"
రాదు నాయనా.
"అట్లయితే నా పనికంటే నీదే కష్టం."
ఆయన నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి.
మొదటిది చెప్పను.

నాలుగో గొలుసును సన్నటి తుంపర చేసి
ఎలుకల చేత పీల్పించాం.
ఆరింట్లో నాలుగింటికి వాపు తీసింది.
మిగతా రెండింటికి ఎందుకు తీయలేదో
తెలియదు అని నోట్‌బుక్కులో రాసి
తేదీ వేసి, సంతకం పెట్టాను.

పక్కింటి ఖాసింబీ అడిగింది, మనుషులకెప్పుడని.
పదేళ్లు పట్టొచ్చు అన్నాను.
ఎప్పటికీ కాకపోవచ్చు, అదీ అన్నాను.
నాయన విననట్టే ఇన్‌హేలర్ ఊపి,
నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చి,
వేళ్ల మీద పది దాకా లెక్కపెట్టబోయాడు.
ఆరుకే దగ్గు.
గొంతు సర్దుకుని అన్నాడు:
"ఎలకలన్నా బాగుండాయి కదా. ముందు వాటిని పోనీ.
వెనక బండికి లైను క్లియరయితాది."

రాత్రి పదకొండు దాటింది.
ఎత్తుగా పేర్చిన మూడు దిండ్లకు ఆనుకుని
కూర్చునే నిద్రపోతాడు, అదీ నిద్రే అయితే.
యార్డులో ఎక్కడో పెట్టెను పెట్టె గుద్దిన చప్పుడు.
"సరిగా పడలే" అన్నాడు కళ్లు తెరవకుండా.
కొంచెం సేపటికి మళ్లీ అదే చప్పుడు.
నా చెవికి రెండూ ఒకటే.
ఈసారి మాత్రం ఆయన ఏమీ అనలేదు.