దొంగ జేబు

శని వలయాల అంచున మావి పదకొండు ఓడలు.
అన్నింటికీ కలిపి ఒక్క దర్జీని,
నేను, వీర్వేని.

ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ పన్నెండో ఏట
ఐల్వా కోటు కుట్టాలి.
ఏడు గుండీలు, నిలువు కాలరు,
ఎడమ భుజం మీద కాలిన మచ్చ.
మచ్చకి ఇస్త్రీపెట్టె చాలు.
పిల్లలు కళ్ళు మూసుకుని ఆ వాసన పీలుస్తారు.

ఐల్వా అనే మనిషి ఎప్పుడూ లేదు.
ఆ సంగతి మాకు తెలుసు, వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.
రీగా రేవులో క్రేన్లు నడిపే ఆడవాళ్ళు
రాత్రి షిఫ్టు దిగి, బూట్లైనా విప్పకుండా
చూసిన సీరియల్లో నాయిక ఆమె.
"దారి లేదంటున్నావంటే
నువ్వింకా బయల్దేరలేదన్నమాట" అందట ఒక భాగంలో.
ఆ ఒక్క మాటకి మా ముత్తవ్వలు చీటీలు కట్టి
ఓడ కొన్నారు.
తుక్కు ఓడ. తలుపు సరిగ్గా పడేది కాదు.

ఇప్పుడు మిగిలింది డెబ్భై నిమిషాల బొమ్మ.
అదీ వెలిసిపోయింది.
మొదటి తగవు కోటు రంగు దగ్గర.
నీలమని సౌలే ఓడ. ఆకుపచ్చని మేజా ఓడ.
భోజనాల బల్ల మీద మొదలైన మాట
పెళ్ళి సంబంధాల దాకా పోయింది.
నీలం ఐనార్స్‌కి, ఆకుపచ్చ లీగా దగ్గర్నించి
ఉంగరం గాలితలుపు ట్రేలో తిరిగొచ్చింది,
రసీదుతో సహా.

కారణం నాకు తెలుసు.
సౌలేలో తెల్ల దీపాలు, మేజాలో పసుపు దీపాలు.
ఒకే తాను గుడ్డ చంకన పెట్టుకుని
రెండు ఓడలూ తిరిగి చూశాను.
మహాసభలో నిలబడి చెప్పాను కూడా.
ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.
నెల తిరిగేసరికి మూడో వర్గం పుట్టింది,
దీపాల వాళ్ళు.
చీకట్లోనే సమావేశమవుతారు.
అడక్కుండానే నన్ను గౌరవ అధ్యక్షురాలిని చేశారు.

ఇక ఆఖరి భాగం గొడవ.
అది దొరకనే లేదు కనుక దానికి అంతు లేదు.
ఐల్వా తలుపు మూసిందా, తెరిచి ఉంచిందా?
తెరిచిందనే వాళ్ళలో మళ్ళీ
కుడిచేత్తోనా, ఎడంచేత్తోనా?
ఎడంచేతి వాళ్ళు మొత్తం నలుగురు.
ఒకే గదిలో ఉంటారు, మాట్లాడుకోరు.
ముసలి ఇర్మా ఒక్కతే అంటుంది,
"ఆ వేషం కట్టిన పిల్ల ఇంటికెళ్ళి ఏం తినేదో పాపం" అని.
దాన్ని వర్గమనరు, గొణుగుడంటారు.

గాజుపెట్టెలో అసలు కోటు ఒకటుంది.
పురుగు పట్టిందని ఒకసారి నాచేత అస్తరు విప్పించారు.
లోపల జేబులు లేవు!
పైన మూతలు మాత్రం కుట్టి ఉన్నాయి, ఉత్తుత్తివి.
బొమ్మలో ఆమె చేతులెప్పుడూ పిడికిళ్ళే.
మేం దాన్ని ధైర్యమనుకున్నాం.
చలేమో.
ఈసారి ఎవరికీ చెప్పలేదు,
ఒకసారి నోరు కాలింది చాలు.
అస్తరు మళ్ళీ సన్నకుట్టుతో మూసేశాను.

ఆ రోజు నుంచీ కోటు ఏ రంగుదైనా
లోపలివైపు ఒక దొంగ జేబు వేస్తున్నాను,
అరచేయి పట్టేంత.
ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు,
ఇదేమిటని అడగనూ లేదు.

మోచేతులు చిరిగి కోట్లు నా దగ్గరికే వస్తాయి.
కుట్టేముందు జేబులు తడుముతాను.
ఒక మర. ఎండిన నారింజ తొక్క.
ఎవరిదో పాలపన్ను, గుడ్డపీలికలో చుట్టి.
నిన్న ఒక నీలం కోటులో రసీదు,
విప్పీ మడిచీ, విప్పీ మడిచీ
మడతల దగ్గర దూదిలా అయిపోయింది.
ఎక్కడిదక్కడే పెట్టేశాను.

ఇప్పుడు దాని మోచేయి కుడుతున్నాను.
నీలం దారం మధ్యలో అయిపోతే
చేతికందిన కండె ఎక్కించాను.
ఈ దీపం కింద
అది ఏ రంగో నాకూ తెలియడం లేదు.