అన్వయం

పదహారో చానెల్లో ఆ గొంతు పేరు చెప్పలేదు.
"అమ్మ పొయ్యి రెండుసార్లు వెలిగించి ఆర్పేసింది.
మళ్ళీ రెండుసార్లు.
నా చేతులు మీ దగ్గరున్నాయా?"

కెయ్యోన్ రేవులో, రేడియో ముందు నేను.
ఫారంలో గళ్ళు: పడవ పేరు, అక్షాంశం, ఎంతమంది.
ఏ గడిలోనూ ఈ మాట పట్టదు.

"ఆ కుక్కని ఊరుకోమనండి. పిండిమర వాసన.
ఆదివారానికల్లా అప్పు తీర్చేస్తాను, నేలిదా.
పొయ్యి... రెండు..."

పక్క కుర్చీ కుర్రాడు హెడ్‌ఫోన్ తీసేశాడు:
తాగున్నాడు. తలా తోకా లేదు.

తలా ఉంది, తోకా ఉంది.
నీళ్ళలో ఉన్నవాడికి అవి
ఉండాల్సిన చోట ఉండవు, అంతే.

బళ్ళో పంతులమ్మ పాత పద్యాన్ని విడదీసి
ఎక్కడో విసిరేసిన క్రియని
కర్త పక్కన కూర్చోబెట్టేది.
నేనూ కూర్చోబెట్టాను.
పొయ్యి అంటే మొరైదా దీపం, రెండేసి మెరుపులు.
కుక్క సాల్మన్ తెప్పల కావలివాడిది.
పిండిమర, చేపల మేత గోదాము; గాలి పడమటిది,
కనక మనిషి తూర్పున.
చేతులడిగాడంటే నీళ్ళలో పడి అరగంట దాటింది.
అప్పుకీ నేలిదాకీ మ్యాపులో చోటు దొరకలేదు,
వదిలేశాను.

బోటు వెళ్ళింది. ఒకడు దొరికాడు.

ఏప్రిల్లో విచారణ.
కంపెనీ లాయరు వాక్యాలకి ఇస్త్రీ మడత చెదరలేదు.
కాబట్టి, అందువల్ల, తత్ఫలితంగా.
ఒక్క లైఫ్ జాకెట్టు లేని పడవ
చుక్క నీరు లోపలికి రాకుండా
ఆ వాక్యాలమీద ఒడ్డు చేరింది.
తర్వాత నా టేపు వేశారు.
అసంబద్ధం, అని రాసుకున్నాడు గుమాస్తా.
సాక్ష్యానికి పనికిరాదు.

బయట వర్షంలో అబెలార్దో నౌయెల్కిన్
వేళ్ళు పోయిన కుడిచెయ్యి జేబులో దాచుకుని
అడిగాడు: "అదంతా నేనేనా?"
మీరే.
"పొయ్యి నాదే. అమ్మా నాదే.
కానీ నాకు ఎవరికీ బాకీ లేదే.
నేలిదా, మా తదేయో భార్య."

చలికి గొంతులన్నీ ఒకటవుతాయి.
రేడియో చేతులు మారుతూ ఉండాలి, అలల మధ్య.

ఎంతమంది, అన్న గడిలో
నేను ఒకటి అని రాశాను.