చాప ఈడ్చే ముందు

కోబర్గ్‌లో శనివారం సాయంత్రం,
నలభై ఒకటి నుంచి దిగి ముప్పై ఆరు డిగ్రీలైంది.
ఎర్రమట్టి కోర్టు పక్క బెంచీ మీద నలుగురం
మేజోళ్ళు విప్పి దులుపుకుంటున్నాం.
చీలమండల దాకా ఇటుకపొడి,
పారాణి పెడుతూ పెడుతూ ఎవరో లేచిపోయినట్టు.

రేపు ఊళ్ళో ఫైనల్.
మా నలుగురికీ కలిపి ఒక్క టిక్కెట్టూ లేదు,
అభిప్రాయాలు మాత్రం స్టేడియం పట్టనన్ని.

"రెహోర్ గెలవడు" అన్నాడు మెర్వ్,
ఐసు పెట్టె మూత మీద దరువేస్తూ.
"సెమీస్‌లో రెండు రాకెట్లు విరిచాడు.
ముక్కు మీద కోపం ఉన్నవాడికి
ఐదో సెట్‌కి ముక్కే మిగులుతుంది."

స్టావ్రూలా ఒప్పుకోదు.
"విరిచాక ఏం చేశాడో చూశావా?
వరసగా పదకొండు పాయింట్లు.
ఆ పిల్లాడికి కోపం పొయ్యిలో కట్టె.
లాగేస్తే మంచివాడవుతాడు, వంట కాదు."
ముప్పై ఏళ్ళు చేపలు వేయించి అమ్మిన మనిషి.
నూనె ఎప్పుడు కాగిందో చప్పుడుతో చెబుతుంది.

అహిలన్‌వి అంకెలు.
రెండో సర్వీసు వేగం, బ్రేక్ పాయింట్ల శాతం,
ఎస్కెలాండ్ మోకాలి కట్టు
క్వార్టర్స్ తర్వాత రెండంగుళాలు కిందికి జరిగిన సంగతీ.
"అయినా ఫామ్ అతనిదే.
రెండు వారాలుగా ముఖంలో ఒక్క గీత కదల్లేదు" అని,
ఇంకేదో తనలో తను తమిళంలో అనుకున్నాడు.
నిండుకుండ తొణకదని.
నాకొక్కదానికే అర్థమైంది.

సీసా మూత తిప్పుతూ ఉండిపోయాను.
నిండుకుండ తొణకదు, నిజమే.
ఖాళీ కుండా తొణకదు.
డయాలసిస్ వార్డులో పదహారేళ్ళుగా
నిబ్బరంగా ఉన్న ముఖాలు చూస్తున్నాను.
సూది దిగేటప్పుడు అబ్బా అన్నవాళ్ళు
ఇంటికెళ్ళి అన్నం తింటారు.
ఏమీ అనని వాళ్ళ నాడి
ఇంకోసారి పట్టుకుని చూస్తాను.

పైకి చెప్పబోతే
ఇంగ్లీషులో కుండ కుదరక బకెట్ అన్నాను.
స్టావ్రూలా పొలమారేంత నవ్వింది.

మెర్వ్ నవ్వలేదు.
"డెబ్భై ఎనిమిదిలో
ఈ కంచె మీంచి నా రాకెట్ విసిరేశాను,
మెర్రి క్రీక్‌లో పడాలని.
అంత దూరం పోలేదు, ఎవరిదో కారు మీద పడింది."
నాలుగేళ్ళుగా ఆడుతున్నాం ఇతనితో,
లైన్ బయట పడ్డ బంతిని కూడా
పోనీలే అని వదిలేసే మెర్వ్‌తో.

"క్లబ్ ఫైనల్. నేనూ మా అన్న లెస్సూ.
వాళ్ళు కొట్టిన బంతి వచ్చి గీత మీద పడింది.
అవుట్ అని అరిచాను.
లెస్ వంగి గుర్తు చూశాడు,
లోపలే అన్నాడు, వాళ్ళకి పాయింటిచ్చేశాడు.
ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఆడలేదు."

ట్రామ్ ఒకటి సిడ్నీ రోడ్డు మీద గంట కొట్టుకుంటూ పోయింది.

"లోపలే పడిందా?" అడిగాడు అహిలన్.
అంకెల మనిషి, అడక్కుండా ఉండలేడు.

మెర్వ్ ఎడమ బూటు లేసు కట్టుకున్నాడు,
విప్పాడు,
మళ్ళీ కట్టుకున్నాడు.
"లోపలే. నాకూ కనిపించింది."

ఎవరం ఏమీ అనలేదు.
ఈగలు చెమట మీద వాలుతున్నాయి.
నాకు రెహోర్ గుర్తొచ్చాడు,
విరిగిన రాకెట్ ముక్కలు తనే ఏరుకుంటూ,
అంపైర్ వైపు కాక
అవతలి మూల మట్టుకే చూస్తూ.

వంతు అహిలన్‌ది,
అయినా మెర్వే లేచి చాప అందుకున్నాడు.
తాడు భుజానికేసుకుని
అంచుల నుంచి లోపలికి చుట్లు చుడుతూ ఈడ్చాడు.
నా డబుల్ ఫాల్ట్ గుర్తులు పోయాయి,
స్టావ్రూలా జారిన చార పోయింది,
లోపల పడ్డవీ బయట పడ్డవీ
ఒకే ఎరుపైపోయాయి.

నేను గొట్టంతో నీళ్ళు పట్టాను.
తడి మట్టి వాసన వేసింది.

"ఇంతకీ రేపెవరు?" గేటు దగ్గర స్టావ్రూలా కదిలించింది.
"ఎస్కెలాండే. మూడు సెట్లలో" అన్నాడు మెర్వ్.
తాళం బిగుసుకుపోయి పట్టుకోలేదు,
రెండు తన్నులు తన్నాడు దాన్ని.
"ఆ కుర్రాడు గెలవడు.
గెలవాలి గానీ."