చప్పుడు చేయని అక్షరాలు

కొల్లాపురం మీసేవలో నాది రెండో కిటికీ.
పేర్లు దిద్దడం నా పని.
మల్లమ్మకు ల ఒత్తు ఊడిపోతే అతికిస్తాను,
నర్సింహ సున్నా జారిపోతే వెతికి పెడతాను.
ఒక్కో పేరుకు నలభై ఐదు రూపాయలు.

టోకెన్ నలభై ఒకటి.
వేళ్ళ సందుల్లో సిమెంటు పుండ్లు,
చంకలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో ఒకే మనిషికి నాలుగు పేర్లు.
రేషన్ కార్డులో తిప్పయ్య
ఓటరు లిస్టులో తీబు
పుణె కంట్రాక్టరిచ్చిన గేటు పాసులో టిబల్టు
ఇక, చెదలు కొరికిన తాత జ్ఞానస్నానం కాగితం మీద
ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు.
"ఇది అసలుది మేడం. తిబో అనాలె."

ఎనిమిది రాసి రెండే పలుకుతారా?

"అండ్ల మూడు చప్పుడే జెయ్యవంట.
ఫ్రెంచి ఫాదరు మా తాతకు జెప్పిండు.
ఉంటయి గాని, ఊకుంటయి."

గత్తరొచ్చిన ఏడు ఊరవతలి పాకలో కాన్పయితే
మోకాళ్ళ మీద కూర్చుని లాంతరు పట్టాడట ఆ ఫాదరు.
యుద్ధంలో పోయిన తన తమ్ముడి పేరు
తడి ఆరని నెత్తి మీద పెట్టాడట.

సర్వర్ పడిపోయింది. ఎప్పుడూ పడేదే.
ఫోన్లో ఆ పేరు కొట్టి చూశాను.
ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట
రాతికోటల్లో, ద్రాక్షతోటల మీద పెత్తనాల్లో
తండ్రి తిబో, కొడుకు తిబో, మనవడూ తిబోనే.
కలిసిపోకుండా అంకెలేసుకున్నారు,
రెండో తిబో, మూడో తిబో, నాలుగో తిబో.
తర్వాత తర్వాత పేరు కోట దిగింది.
రొట్టెలు కాల్చేవాడికి, పళ్ళ డాక్టరుకు,
బంతాట ఆడే కుర్రాడికి దొరికింది.
జనం ఒక ముక్క, ధైర్యం ఒక ముక్క, కలిపి కుట్టిన పేరట.
పైకే చదివాను.

"అంకె మాకూ ఉంటది మేడం,
పుణెల నేను రెండొందల పన్నెండు."

మరి మీ తాతని ఊళ్ళో ఏమనేవాళ్ళు?

నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు.
"దొర తిప్పిగా అంటుండె. పటేలు ఓరి అంటుండె.
గడీ ముందట చెప్పులు చేతిల పట్టుకున్నట్టు
పేరు గూడ నోట్లనే పట్టుకొని నడిచెటోడు."

చివరి అక్షరాలు మింగడం
ఫ్రాన్సుకొక్కదానికే తెలుసనుకున్నాను.

శ్రీశైలం నీళ్ళొచ్చినప్పుడు చర్చి మునిగింది,
తాత సమాధి మునిగింది.
ఎండాకాలం నీళ్ళు దిగితే సిలువ కొస తేలుతుందట,
రాత మాత్రం బురదలోనే.

సర్వర్ వచ్చింది. మీ కార్డులు నాలుగూ దిద్దాలా?

"నాయి ఉండనియ్యి. నాలుగింటికీ పలుకుత నేను.
పాపకు రాయి."

పాపకా?

నా వేలు మీట మీద ఆగింది.
అది మగపేరు కదా.

వెనక నిలబడ్డ ఎస్తేరు
భుజం మీది పసిగుడ్డును ఇంకో భుజానికి మార్చింది.
పుణెలో ఇటుకలు కూడా అట్లాగే మార్చేదేమో.
"జనం, ధైర్యం అని ఇప్పుడే సదివితివి.
అండ్ల మొగోడు యాడున్నడు?"

నా దగ్గర జవాబు లేదు, డబ్బా ఉంది.
తెలుగు డబ్బాలో తిబో.
ఇంగ్లీషు డబ్బాలో ఎనిమిదీ, వేలు పెట్టి లెక్కబెట్టి.
స్పెల్లింగ్ సరేనా అని మిషను అడిగింది.
సరే అన్నాను.
పాప ఎక్కిళ్ళు పెట్టింది.

యాభై నోటిచ్చాడు.
సొరుగంతా వెతికాను, చిల్లర లేదు.

"ఉంచుండ్రి మేడం," అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ,
"చప్పుడు జెయ్యని మూడింటికి."