ఆడించిన చెయ్యి

తెల్లవారి నాలుగున్నరకి కోర్టు తడుపుతాను.
ఎర్రమట్టి నీళ్ళు తాగే చప్పుడు ఇంకెవరూ వినరు,
అది నా జీతంలో ఒక భాగం.
రోలరు లాగి, సున్నం గీతలు సరిచేసి,
మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే
రెండు తుమ్ములు తుమ్మి
నెట్టు బిగిస్తాను.

నాకు మెంబర్ల పేర్లకంటే ముందు
వాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి.
బ్రాడీపేట ప్లీడరు గారంటే మోచెయ్యి.
బ్యాక్‌హ్యాండు మణికట్టుతో కొట్టొద్దండీ అని
పదకొండేళ్ళు చెప్పాను.
ఓ పొద్దున కాఫీ గ్లాసు ఎత్తబోతే
జారి వకాలత్తు మీద ఒలికింది.
అప్పుడు విన్నారు.

పొగాకు కంపెనీ మాల్యాద్రి గారిది మడమ.
నెట్టు దగ్గర పడ్డ పొట్టిబంతికి పరిగెత్తి,
టప్పుమని ఆగి,
"ఎవడ్రా తన్నింది?" అని వెనక్కి తిరిగారు.
వెనకాల బకెట్టుతో నేనే ఉన్నా.
మడమ పైన నరం తెగితే అలాగే ఉంటుందట,
ఎవరో వెనకనుంచి తన్నినట్టు.
డాక్టరు ఆ మాట చెప్పిందాకా
రెండ్రోజులు అనుమానం నా మీదే.
ఆటోలోకి మోసిందీ నేనే.

గోరంట్ల నుంచి వచ్చే సుహిత్‌కి పద్నాలుగేళ్ళు.
సర్వీసుకి విల్లులా వంగేవాడు.
వాళ్ళ నాన్న గట్టు మీద ఫోను పట్టుకుని
రోజుకి రెండొందలు లెక్కపెట్టేవాడు.
"నడుం పట్టేసింది మీరా అంకుల్" అన్నాడు ఓసారి,
బంతులేరే వంకన నా పక్కన వంగి,
నాన్నకి వినపడకుండా.
ఎముకలో వెంట్రుకంత చీలిక.
ఆర్నెల్లు బల్ల మీద కూచుని ఎవరెవరికో స్కోరు రాశాడు.
ఆ అంకెలు ఎంత గుండ్రంగా ఉండేవో.

ఇన్ని తెలిసినవాణ్ణి,
నా భుజం సంగతి నాకే తెలీలేదు.
నమాజుకి నిలబడి చేతులు చెవులదాకా ఎత్తితే
కుడిది గడ్డం దగ్గరే ఆగిపోయింది.
ఎడమది పైన ఒక్కటే నిలబడి
తోడు కోసం చూసింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు, పూటకి ఆరు బకెట్లు,
బకెట్టుకి డెబ్భై బంతులు.
హెచ్చవేయబోయి మానేశా.
ఆ పక్కకి తిరిగి పడుకోలేను, అదే లెక్క.

కొత్తపేటలో ఎముకల డాక్టరు
ఫిల్ము వెలుతురుకి పెట్టి అడిగాడు:
"ఎన్నాళ్ళుగా ఆడుతున్నారు టెన్నిస్?"
ఆడలేదండీ. ఆడించాను.
ఆయన పెన్ను ఒక్క క్షణం గాల్లో ఉండి,
ఆ గడి ఖాళీగా వదిలేసి కిందికి దిగింది.
"బరువులెత్తకండి."
బంతి ఎంత బరువుంటుందండీ,
బాగా పండిన నిమ్మకాయంత.

జానీబీ రాత్రిళ్ళు
నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి రుద్దుతుంది.
"ఎంతమందిని గెలిచావయ్యా ఈ భుజంతో?"
ఒక్క పాయింటు కూడా నా పేరున లేదు.
అబద్ధమెందుకు, ఒకటుంది.
ముసురు పట్టి ఎవరూ రాని సాయంత్రం
ఎవరో మర్చిపోయిన రాకెట్టుతో
ఒక సర్వీసు కొట్టాను.
అవతల మనిషి లేడు.
బంతి గీత లోపలే పడింది,
తడిమట్టిలో గుంట కూడా పెట్టింది.
నేనే వెళ్ళి కాలితో చెరిపేశా.

ఇప్పుడు ఎడంచేత్తో వేస్తున్నాను.
బంతులు వాటి ఇష్టానికి పోతున్నాయి.
కొత్తగా చేరిన ప్రణుతి నడుం మీద చేతులుంచుకుని
"ఎటు పడుతుందో తెలీట్లేదు తాతా" అంది.
మ్యాచిలో మాత్రం చెప్పి వేస్తారా అమ్మా.

మర్నాటి నుంచి
మోకాళ్ళు వంచి, మునివేళ్ళ మీద నిలబడి
ఎటైనా దూకడానికి సిద్ధంగా ఉంటోంది.
అందరూ భలే ఆడుతోంది అంటున్నారు.
నేను అలవాటు కొద్దీ
ఆ మోకాళ్ళే చూస్తున్నాను.